గంటసేపు కూర్చోనిస్తావా, అన్నా?

మా చింతామణి వైపు మగవాడికి నలభై దాటగానే రెండింటిలో ఒకటి వస్తుంది: షుగరు, లేకపోతే క్రూజర్ బండి. నాకు రెండోది ముందొచ్చింది. మొదటిది కూడా శిడ్లఘట్ట దాకా వచ్చేసిందని మా ఆవిడ అంటుంది గానీ, ఆ సంగతి ఇక్కడ వద్దు.

క్రూజర్ అంటే కాళ్ళు ముందుకు చాపి, చేతులు కాస్త ఎత్తుగా పెట్టి, వెన్ను నిటారుగా నిలబెట్టి కూర్చునే బండి. 2005లో బజాజ్ వాళ్ళు అవెంజర్‌ను 180 సీసీ ఇంజనుతో దించినప్పుడు, దీని మీద కూర్చున్నవాడు దేవుడేనని ప్రకటనలిచ్చారు. నేను కొన్నది ఆ తరవాత వచ్చిన 220. దాని సీటు నేలకు 737 మిల్లీమీటర్ల ఎత్తు. నాబోటి పొట్టి దేవుళ్ళు సైతం రెండు పాదాలూ పూర్తిగా నేలకానించి, సిగ్నల్ దగ్గర భక్తులను తిలకిస్తూ ఆగవచ్చు. దాన్ని అమ్మేశాక థండర్‌బర్డ్ 350 కొన్నాను, కొత్తది. 20 లీటర్ల ట్యాంకు. ఒకసారి నింపితే పెట్రోలు ధర పెరిగిన కబురు మనకు వారం ఆలస్యంగా అందుతుంది.

క్రూజర్‌కు మా దగ్గర గౌరవం ఎక్కువ. పెళ్ళికి దాని మీద పోతే కారులో వచ్చినవాడికి పోసే కాఫీయే పోస్తారు. నేను బాగేపల్లి వైపు ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుని. స్కూలు ఇంకా అర కిలోమీటరు ఉండగానే నా బండి చప్పుడు విని తొమ్మిదో తరగతి సద్దుమణిగేది. ఆ శక్తి మా హెడ్మాస్టరు మోగించే గంటకు లేదు.

చిక్కంతా నా జీవితం త్రిభుజం కావడంలో ఉంది. ఇల్లు చింతామణి, ఉద్యోగం బాగేపల్లి, అత్తగారిల్లు చిక్కబళ్ళాపురం. ఏ భుజం చూసినా 40 కిలోమీటర్లకు తగ్గదు. అందులో చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికి పోయేది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పరిచిన 44వ నంబరు జాతీయ రహదారి కాబట్టి ఆ భుజానికి వంక పెట్టలేం. పైగా టూవీలర్‌కు టోల్ లేదు. మిగతా రెండు భుజాలకూ హంపులున్నాయి. ఊరికి ముందొకటి, ఊరు దాటాక ఒకటి, పలుకుబడి ఉన్నవాళ్ళ ఇంటి ముందు అదనంగా ఇంకొకటి. పంచాయితీ ఎన్నికల్లో ఎవరు గెలిచారో కనుక్కోవాలంటే మా దారుల్లో పేపరు చదవక్కర్లేదు, కొత్త హంపు ఎవరింటి ముందు లేచిందో చూస్తే చాలు.

క్రూజర్ మీద హంపు దాటడంలో ఒక చిన్న శాస్త్రం ఉంది. కాళ్ళు నడుముకు సూటిగా కింద ఉంటే, హంపు వచ్చినప్పుడు మోకాళ్ళు కాస్త వంచి సీటు మీంచి లేవచ్చు. దెబ్బ కాళ్ళు తింటాయి. కాళ్ళు ముందుకు చాపి ఉన్నవాడు లేవలేడు. ఎవరికైనా అనుమానం ఉంటే కుర్చీలో కూర్చుని, కాళ్ళు బారుగా చాపి, చేతులు ఆనించకుండా లేవడానికి ప్రయత్నించండి. లేవలేనివాడి దెబ్బ మొత్తం తోకయెముకకు, అక్కణ్ణుంచి మెడ దాకా పోతుంది. ఇది బండి తప్పు కాదు. తిన్నని రోడ్డు మీద గంటల తరబడి నెమ్మదిగా పోయేవాళ్ళ కోసం కనిపెట్టిన భంగిమ అది. దాన్ని కనిపెట్టినవాళ్ళు మా వైపు చేళూరు రోడ్డు చూసి ఉండరు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చూసి, "ఏం బండి?" అన్నాడు. చెప్పాను.

"హంపు వస్తే లేచి నిలబడతారా?"

"హంపును చూసి లేచి నిలబడ్డానికి అదేమన్నా కలెక్టరా సార్?"

ఆయన నవ్వలేదు. మందుల చీటీ మీద రెండు రకాల మాత్రలు రాసి, వాటి కింద ఒక మోటార్ సైకిల్ బొమ్మ గీశాడు. హ్యాండిల్ కొంచెం కిందికి, ఫుట్ రెస్టులు నడుం కిందికి, మనిషి కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. "బరువు నడుం మీదా చేతుల మీదా కాళ్ళ మీదా పంచుకుంటుంది. బండి మార్చండి" అన్నాడు. మెడికల్ షాపు కుర్రాడు ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "మాత్రలున్నాయి సార్, మూడోది మా దగ్గర స్టాకు లేదు" అన్నాడు.

ఆ మూడోదాన్నే స్పోర్ట్ టూరర్ అంటారు. పందెం బండికీ దూరప్రయాణాల బండికీ మధ్య కుదిర్చిన రాజీ. 1976లో జర్మనీ బీఎండబ్ల్యూ వాళ్ళు ఆర్100ఆర్ఎస్ అనే బండికి గాలి సొరంగంలో పరీక్షించిన నిండు ఫెయిరింగ్, అంటే ఎదురుగాలిని పక్కకు మళ్ళించే తొడుగు, తొడిగి రోడ్డు మీదికి వదిలిపెట్టడంతో ఈ జాతి ఊపందుకుంది. ఆ తరవాత హోండా ఎస్‌టీ1100, యమహా ఎఫ్‌జేఆర్1300 లాంటి ఏనుగులు వచ్చాయి. యూరప్‌లో వాటి మీద ఒక దేశంలో టిఫిను చేసి ఇంకో దేశంలో భోంచేస్తారు. మనమూ తక్కువేం కాదు. ఆదివారం తెల్లారకముందే బెంగళూరు నుంచి ఖరీదైన బండ్లు మా రహదారి మీద బారులు తీరతాయి. ఒక రాష్ట్రంలో లేచి ఇంకో రాష్ట్రంలో దోసె తిని వెనక్కి పోతాయి. అంత దూరం పోయి లేపాక్షి బసవణ్ణను చూడకుండా తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ ఒంటి మీది జాకెట్టు ధరకు మా స్టాఫ్ రూములో ఇద్దరి స్కూటీలు వస్తాయి.

లెక్కల మాస్టరు జీతంలో ఆ జాతి చిక్కిపోయి 250 నుంచి 400 సీసీల మధ్యకు దిగుతుంది. అదీ సెకండ్ హ్యాండే. 2011లో వచ్చిన హోండా సీబీఆర్250ఆర్ ఒకటి, ఇప్పుడు తయారీలో లేదు. 2017 చివర్లో వచ్చిన టీవీఎస్ అపాచీ ఆర్ఆర్310 ఇంకొకటి, మన పక్కనే హోసూరులో పుట్టేది. 2016 డిసెంబరులో వచ్చిన బజాజ్ డామినార్ 400 మూడోది. దీని 373 సీసీ ఇంజను కేటీఎం వంశానిది. మా మేనమామ మాత్రం 2003 నాటి హీరో హోండా కరిజ్మా తప్ప ఇంకేదీ బండి కాదంటాడు. ఆయన లెక్కలో భారతదేశం 2003లోనే ఆగిపోయింది.

చింతామణిలో మా మెకానిక్ భాయ్‌ని సలహా అడిగాను. "ఏ బండైనా తీసుకోండి సార్. చూడ్డానికి పోయేటప్పుడు మాత్రం చెప్పకుండా పొద్దున్నే పోండి. పోగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగుంటే వచ్చెయ్యండి." అంతకు మించి చెప్పడానికి ఆయనకు తీరిక లేదు. నేను ఆ మాటకు నాదొక షరతు కలుపుకున్నాను. నాకు కావలసింది బండి ఎంత వేగం పోతుందో కాదు, దాని మీద నేను ఎంతసేపు కూర్చోగలనో. ఐదు నిమిషాల టెస్ట్ రైడులో ఏ బండీ నడుం నొప్పి తేదు. కాబట్టి అమ్మేవాడు ఎవడైనా సరే, నన్ను గంటసేపు కూర్చోనివ్వాలి.

చిక్కబళ్ళాపురంలో ఒక సెకండ్ హ్యాండ్ బండ్ల షాపు. షట్టరు ఎత్తుతుండగా పోయి నిలబడ్డాను. ఫెయిరింగ్ బండి తళతళలాడుతోంది. ఇంజను మీద చెయ్యి పెట్టాను. వేడి.

"పొద్దున్నే దేవుడికి హారతిచ్చి అట్లే అన్ని బండ్లూ ఒకసారి స్టార్ట్ చేస్తాం సార్. పద్ధతి."

చుట్టుపక్కల బండ్ల మీద చెయ్యి పెట్టి చూశాను. మిగతావన్నీ చల్లగా ఉన్నాయి. హారతి దీని ఒక్కదానికే ఇచ్చారు. చల్లటి ఇంజను అయితే మొదటి స్టార్టులోనే తన రోగం తనే చెబుతుంది, పొగ రంగుతో, టప్పెట్ చప్పుడుతో. వేడెక్కినదానికి నోరు పడిపోతుంది.

మీటరు 9,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఫుట్ రెస్టు రబ్బర్లు మాత్రం నున్నగా అరిగిపోయి లోపలి ఇనుము కనిపిస్తోంది. టైరు పక్కన నాలుగంకెలు చూశాను. మొదటి రెండు తయారైన వారం, తరవాతి రెండు సంవత్సరం. ముందు టైరుకూ వెనక టైరుకూ నాలుగేళ్ళ వయసు తేడా ఉంది. కొనే క్రూజర్ ఎప్పుడో కిందపడి ఉంటే ట్యాంకు మీద సొట్ట చూసి ఎవరైనా చెప్పేస్తారు. ఫెయిరింగ్ బండి అట్లా కాదు, పడిన చరిత్రంతా ప్లాస్టిక్ కింద దాచుకుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే హ్యాండిల్ చివరి బరువులు, బ్రేకు లీవరు కొన, సైలెన్సర్ అంచు చూడాలి. ఫెయిరింగుకు ఉన్న బోల్టులన్నీ ఒక్కటే రకమా కాదా అని చూడాలి. ఈ బండికి ఐదు రకాల బోల్టులున్నాయి. కొత్త స్టిక్కరు ఉన్న చోట గోటితో తడితే కింద గీత తగిలింది.

"ఎంత చెప్తారన్నా?" అనకుండా, "గంటసేపు కూర్చోనిస్తావా, అన్నా?" అన్నాను.

"గంటనా? సర్కిల్ దాకా పోయి రండి సార్, పెట్రోలు తక్కువుంది." నేను పోయిస్తానన్నాను. అప్పుడు ఇన్సూరెన్సు తక్కువుందన్నాడు.

తరవాతి వారాల్లో నేను నేర్చుకున్న సామాజిక శాస్త్రం ఏమిటంటే, ఈ లోకంలో ఎవడూ బండి బాగాలేదని అమ్మడు. సగం మంది కెనడా పోతున్నారు. ఈ లెక్కన అక్కడ మా జిల్లావాళ్ళకు విడిగా ఒక తాలూకా ఇచ్చి ఉండాలి. తక్కినవాళ్ళది పెళ్ళి. ఇంకొందరివి "డాక్టర్ బండి సార్, సింగల్ హ్యాండ్, ఎండకు కూడా తియ్యలేదు". రాత్రుళ్ళు మాత్రమే తిరిగే ఆ డాక్టరు ఎవరో నాకు అంతుబట్టలేదు.

బెంగళూరు నుంచి వచ్చిన ఒక బండి చూడ్డానికి ముచ్చటగా ఉంది. నంబరు కొట్టి ట్రాఫిక్ చలాన్లు చూశాను. జాతకం మొత్తం వరసగా దిగింది. హెల్మెట్ లేకుండా, ముగ్గురితో, ఎర్ర లైటులో, ఎదురు దారిలో, మళ్ళీ ముగ్గురితో. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం బకాయి జరిమానాలు సగానికే కట్టుకోనిచ్చినప్పుడు జనం క్యూలు కట్టారు. ఈ మహానుభావుడు అప్పుడు కూడా కదల్లేదు. అంతటి నిబ్బరం ఉన్నవాడు ఇంజన్ ఆయిలు మాత్రం వేళకు మార్చి ఉంటాడా?

సరిహద్దు దాటి హిందూపురం వైపు కూడా పోయి చూశాను. ధర తక్కువ. ఆంధ్రలో 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడుగా ఏపీ 39 పెట్టారు. బండిది హిందూపురమో ఇచ్ఛాపురమో నంబరు చూసి చెప్పలేం. పాత ఏపీ 02 రోజుల్లో కనీసం అనంతపురం బిడ్డ అని తెలిసేది. అయితే పరాయి రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించాలి. అందుకు అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28లో నిరభ్యంతర పత్రం, ఇక్కడ లైఫ్ ట్యాక్సు. ధరలో మిగిలిన డబ్బులోంచి ఆ ట్యాక్సు తీసేస్తే తేడా పోయింది, పైన నా సెలవులు పోయాయి. సరిహద్దు దాటి తెచ్చుకోదగ్గది ఒక్క మదనపల్లె సంబంధమే అని మా అమ్మ ఎప్పుడూ అనే మాట.

ఇంట్లో వేరే పరీక్ష ఉంది. ఒక ఫెయిరింగ్ బండి ఓనరును బతిమాలి మా ఆవిడను వెనక ఎక్కించాను. ఎక్కడమే పెద్ద పని, వెనక సీటు నా భుజాల ఎత్తున ఉంది. రెండు వీధులు తిప్పి దించాక, "పిట్టగోడ మీద కాకిని కూర్చోబెట్టినట్టుంది. ఇది మీ నడుం కోసమా, నన్ను వదిలించుకోడం కోసమా?" అంది. మా మామగారిది ఇంకా మౌలికమైన ప్రశ్న. ఆయన పట్టుపురుగులు పెంచుతాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "మల్బరీ ఆకు మోపు యాడ పెడతావు అల్లుడూ?" అన్నాడు. థండర్‌బర్డ్ వెనక సీటు మీద ఆయన మోపులు ఎన్ని మోశానో నాకూ ఆయనకూ తెలుసు. ఈ బండి వెనక మోపు పెడితే జారి నేల మీద పడుతుంది. జారకుండా కడితే వెనక దీపం కనబడదు.

ఆ రోజే ఫెయిరింగుకు నమస్కారం పెట్టి డామినార్‌ల మీద పడ్డాను. దానికి నిండు ఫెయిరింగ్ లేదు కాబట్టి శాస్త్రప్రకారం స్పోర్ట్ టూరర్ కాదనే ఛాందసులున్నారు. ఉండనివ్వండి. వాళ్ళ మామలు పట్టుపురుగులు పెంచరు. మనకు కావలసిన మూడూ దానికున్నాయి. ఫుట్ రెస్టులు నడుం కిందే ఉన్నాయి, హ్యాండిల్ మరీ కిందికి పోలేదు, వెనక సీటు మనిషి కూర్చునేంత ఉంది. 2019లో మార్చిన మోడల్ నుంచి 40 హార్స్ పవర్, ముందు తలకిందుల ఫోర్కులు. సీటు 800 మిల్లీమీటర్లు. ఈ దేవుడికి ఇక ఒక పాదమే నేలకానుతుంది. రెండోది మునివేళ్ళ మీద నిలబడుతుంది.

బాగేపల్లి నుంచి చేళూరు పోయే దారిలో ఒక పల్లె. కుర్రాడిది బెంగళూరులో ఉద్యోగం, పెళ్ళి కుదిరింది, మామగారు కారు ఇస్తున్నారు. 2020 బండి, కేఏ 40, ఒకే చెయ్యి. పొద్దున్నే పోయి ఇంజను మీద చెయ్యి పెట్టాను. మంచుకు తడిసి చల్లగా ఉంది. స్విచ్ నొక్కితే ఒక్క దగ్గు కూడా దగ్గకుండా లేచింది. ముందు చక్రం పైకెత్తించి హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పాను. మధ్యలో ఎక్కడా పట్టుకోలేదు, అంటే కోన్ సెట్ బాగుంది. ఫోర్కుల మీద ఆయిల్ చారలు లేవు. గాలితో చల్లారే ఇంజన్ల మనిషిని కాబట్టి కూలెంట్ డబ్బా ఎక్కడుందో మాత్రం కుర్రాడే చూపించాల్సి వచ్చింది.

"గంటసేపు కూర్చోనిస్తావా, నాయనా?"

కుర్రాడు తండ్రి వైపు చూశాడు. పంచె కట్టుకుని, తలగుడ్డ చుట్టుకుని పెద్దాయన అరుగు మీంచి లేచాడు. "గంటేమి మేష్ట్రూ, పొద్దు గూకేదాకా తిప్పుకో. కాకపోతే నేనూ వెనకాల కూసుంటా. బండి నా కొడుకుది గానీ దుడ్లు నావి." తలగుడ్డ తియ్యనన్నాడు. దాని మీదే హెల్మెట్ పెట్టుకున్నాడు. నా భుజం పట్టుకుని, బస్సెక్కినంత సులువుగా ఎక్కి కూర్చున్నాడు.

మొదటి హంపు వచ్చింది. డాక్టరు బొమ్మను తలుచుకుని, కాళ్ళ మీద బరువు వేసి సీటు మీంచి కొంచెం లేచాను. హంపు నా కింద నుంచి దానిపాటికి అది పోయింది. నడుముకు కబురే లేదు.

"ఏంది, దిగిపోతాండావా?" అన్నాడు వెనక నుంచి పెద్దాయన కంగారుగా.

"హంపు కదా పెద్దాయనా, లేచినాను."

"ఓహో. ఇది మా బామ్మర్ది మెంబరుగా ఉన్నప్పుడు ఏపిచ్చింది. లేసి నిలబడితే తప్పులేదులే."

రాగి కోతల కాలం. మా వైపు రైతులు రాగి కంకులను రోడ్డు మీద పరుస్తారు, పోయే వాహనాలే తొక్కి నూరుస్తాయి. లారీకి అది పరుపు, టూవీలర్‌కు గండం. నేను వేగం తగ్గిస్తుంటే పెద్దాయన, "తొక్కు తొక్కు, పుణ్యం వస్తాది" అన్నాడు. మెత్తటి రాగి గడ్డి మీద కావాలనే కొంచెం బ్రేకు వేసి చూశాను. ఏబీఎస్ ఉన్న బండి. లీవరు వేళ్ళ కింద టకటకమని కొట్టుకుందే గానీ చక్రం బిగుసుకుని జారలేదు. "నెమ్మదిగా పో నాయనా. నేనింకా పొలం పంచలేదు" అని అప్పుడు గుర్తుచేశాడు.

క్రూజర్ అలవాటు ఒకటి నన్ను వదల్లేదు. థండర్‌బర్డ్ అయితే టాప్ గేరులో వేసి ముప్పైలో పోయినా గుడుగుడుమంటూ లాగుతుంది, దాని ఇంజను కింది తిప్పడంలోనే బలం చూపిస్తుంది. ఈ ఇంజను అట్లా కాదు, తిరిగితేనే బలం. ఆరు గేర్లూ వాడుకోవాలి. నేను ఆరో గేరులో ఊళ్ళోకి పోతుంటే బండి మొత్తం వణికింది. "గేరు తగ్గించు మేష్ట్రూ, దానికి చలిజొరం వచ్చింది" అన్నాడు పెద్దాయన. ఆయనకు బండి నడపడం రాదు. కానీ రెండేళ్ళు కొడుకు వెనక కూర్చుని విన్నాడు.

చేళూరు చేరేసరికి గంట దాటింది. వెనక్కి తిప్పబోతే, "వచ్చినాం కదా, బూసా తీసుకుని పోదాం" అన్నాడు. పశువుల మేత అంగడి ముందు ఆపాను. అర మూట బూసా నా వీపుకూ ఆయన పొట్టకూ మధ్య ఇమిడింది. వీపుకు ఇంతటి ఆసరా ఏ కంపెనీవాడూ ఇవ్వలేదు. తిరుగుదారిలో టమోటా పెట్టెల ఆటోలు అడ్డం పడి నిలిచిపోతే, రేడియేటర్ ఫ్యాను తిరిగి వేడిగాలి నా పిక్కల మీద కొట్టింది. ఫ్యాను పనిచేస్తోందని ఆ విధంగా రుజువైంది. బాగేపల్లిలో కూడా ఆయన దిగలేదు. "కొడికొండ దాకా పోనీ. ఆడ నాకు రావాల్సిన పాత బాకీ ఉండాది. ఈ బండి మీద వస్తే ఇస్తాడేమో చూద్దాం."

రహదారి మీద అసలు సంగతి తెలిసింది. ఊళ్ళల్లో మణికట్లు లాగేస్తున్నాయి, ముందుకు వంగినవాడి బరువు చేతుల మీద పడుతుంది మరి. వేగం 80 దాటగానే ఎదురుగాలి వచ్చి ఛాతీని పట్టి పైకెత్తింది. చేతుల మీది బరువు పోయింది. క్రూజర్ మీద ఇదే గాలి ఛాతీకి అడ్డంపడి వెనక్కి నెట్టేది, హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వచ్చేది. అంటే ఒక బండి ఊళ్ళో సుఖం, రోడ్డు మీద కష్టం. ఇంకోటి రోడ్డు మీద సుఖం, ఊళ్ళో కష్టం. ఇంత చిన్న నిజం ఐదు నిమిషాల టెస్ట్ రైడులో ఎవడికీ తెలియదు, షాపువాళ్ళు ఐదు నిమిషాలే ఎందుకిస్తారో నాకక్కడ తెలిసింది. మోకాళ్ళతో ట్యాంకును బిగించి పట్టుకుంటే ఊళ్ళో కష్టం కూడా సగమవుతుంది. ఆ బిగింపుకు తొడల్లో కొంచెం సత్తువ కావాలి. అది సెకండ్ హ్యాండులో దొరకదు.

బాకీ వసూలు కాలేదు. పల్లెకు తిరిగొచ్చేసరికి భోజనాల వేళ. గంట అడిగినవాణ్ణి అరపూట తిరిగాను. దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఎదురుచూశాను. నొప్పి రాలేదు. డెబ్బై దాటిన పెద్దాయన హెల్మెట్ తీసి, తలగుడ్డ సర్దుకుని, "మెత్తగుండాది. కొనుక్కో" అన్నాడు. నేను చూసిన బండ్ల రివ్యూలన్నింటిలో నమ్మదగ్గది ఇదొక్కటే. వెనక సీటు మీద, అర మూట బూసాతో, రాగి గడ్డి మీద పరీక్షించి ఇచ్చినది.

బేరం దగ్గర నేను పోయించిన పెట్రోలు సంగతీ, బూసా బాడుగ సంగతీ ఎత్తాను. ఆయన కొడుకు సిగ్గుపడ్డాడు గానీ ఆయన సిగ్గుపడలేదు. ఐదొందలు తగ్గించి, "ఇంటికి తీసుకుపోయే ముందు ఇంకొక మూట ఉండాది, తెచ్చిస్తావా?" అన్నాడు.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. ఫైనాన్సు తీరిపోయిందని బ్యాంకు లెటరు, ఫారం 35 చూసుకోండి. ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చేటప్పుడే తీసుకోండి, అమ్మినవాడు నిజంగానే కెనడా పోవచ్చు. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మీ పేరుకు మార్చమని అర్జీ పెట్టుకోండి. అంతే.

స్కూల్లో ఒక మార్పు వచ్చింది. ఈ బండికి చప్పుడు తక్కువ. తొమ్మిదో తరగతికి నా రాక తెలియడం లేదు. గుమ్మంలో నిలబడి చూస్తే ఇన్నేళ్ళూ నేను లేనప్పుడు ఆ గదిలో ఏం జరిగేదో కళ్ళారా కనబడింది. నన్ను అనుకరించేవాడు మూడో బెంచీలో ఉన్నాడు, బాగానే చేస్తాడు. "ఎష్ట్ కొడ్తదె సార్ మైలేజు?" అని పిల్లలు అడుగుతున్నారు. లీటరుకు ముప్పై లోపే అని చెబితే జాలిగా చూస్తున్నారు. ట్యాంకు కూడా 13 లీటర్లే. పెట్రోలు ధర పెరిగిన కబురు ఇప్పుడు నాకు అందరితో పాటే అందుతోంది.

థండర్‌బర్డ్ ఇంకా మా ఇంటి ముందే ఉంది, అమ్మకానికి. చింతామణి చుట్టుపక్కల నడుం గట్టిగా ఉన్నవాళ్ళు, ఊరు దాటనివాళ్ళు, గౌరవం కావలసినవాళ్ళు వచ్చి చూడవచ్చు. నేనొక్కణ్ణే వాడాను, చలాన్లు లేవు, నేను కెనడా పోవడం లేదు. పొద్దున్నే రండి, ఇంజను చల్లగా ఉంటుంది. గంట కాదు, సాయంత్రం దాకా తిప్పుకోండి. వెనక మాత్రం మా మామగారు కూర్చుంటారు. ఆయనకు శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుగూళ్ళ పని ఉంది.